ఏడో నంబరు సెల్లు

"ఈ పుస్తకంలో సెల్లుల గురించి రాసిన మహానుభావుడు ఎవరండీ?"

ఆ గొంతు వినగానే ల్యాబులో ఉన్న నలుగురూ తలలు దించుకున్నారు. చూపుడువేళ్లు మాత్రం నాలుగూ ఒకే మూలకి తిరిగాయి. స్నేహితులంటే అలాగే ఉంటారు మరి.

ఆ మూలన రెండు వందల పెన్సిల్ సెల్లుల మధ్య ఒక యువకుడు చెవి మీద పెన్సిలు పెట్టుకుని కూర్చున్నాడు. అతని అసలు పేరు అతని అక్కకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ అతను మీటరు. టీ ఎంత వేడిగా ఉంది, లిఫ్టు ఎన్ని సెకన్లకి వచ్చింది, తడిసిన గొడుగు ఎంతసేపటికి ఆరింది, అన్నీ కొలిచి మరీ చెప్పే మనిషిని ఇంకేమని పిలుస్తారు?

ఇళ్లలో వాడే వస్తువుల్ని పరీక్షించి, ఏది కొనవచ్చో ఏది కొనకూడదో చెప్పే నెలవారీ పుస్తకం ఒకటి ఆ ల్యాబు నుంచి వస్తుంది. మిక్సీలు ఒకరు చూస్తారు, ఇస్త్రీ పెట్టెలు ఇంకొకరు. మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకునే సెల్లులు మీటరువి.

అలా అడిగిన అమ్మాయి విసవిసా వచ్చి అతని బల్ల మీద గుప్పెడు సెల్లులు కుమ్మరించింది. అందులో ఒకటి దొర్లుకుంటూ వెళ్లి అతని టీ కప్పుకి తగిలి ఆగింది.

"మూడో వెర్షన్‌కి అయిదు నక్షత్రాలు ఇచ్చింది మీరేనా?"

"నేనేనండీ. ఏమైంది?"

"ఏమైందా? నేను సభల హాల్లో మైకులు చూస్తాను. నిన్న ఒక హెడ్‌మిస్ట్రెస్‌గారి రిటైర్మెంట్. ముప్పై నాలుగేళ్ల సర్వీసు. ఆవిడ కాలరు మైకులో మీ అయిదు నక్షత్రాల సెల్లు వేశాను. 'నా జీవితంలో నేను నేర్చుకున్న ఒకే ఒక్క విషయం ఏమిటంటే' అన్నారావిడ. అంతే! మైకు చచ్చిపోయింది."

"అయ్యో! ఇంతకీ ఏమిటండీ ఆ విషయం?"

"అదే కదా ఎవరికీ తెలియంది!"

ఇస్త్రీ పెట్టెలాయన పక్కకి తిరిగి దగ్గాడు. మీటరు మాత్రం నవ్వలేదు. సెల్లు తీసి టెస్టర్‌లో పెట్టి చూశాడు.

"చార్జింగ్ ఎప్పుడు పెట్టారు?"

"నెల కిందట. ఫుల్లుగా ఎక్కించి, జాగ్రత్తగా డబ్బాలో దాచిపెట్టాను."

"దాచకూడదండీ. ఒకే కంపెనీ, మూడు వెర్షన్లు. ఒకటోది పాతది. దాని పొట్ట చిన్నది, కానీ ఏడాది ముట్టకుండా వదిలేసినా ఎక్కించిన దాంట్లో ఎనభై అయిదు శాతం అలాగే ఉంటుంది. రెండోది మధ్యరకం. మూడోదానికి పొట్ట పెద్దది, ఎంతైనా పడుతుంది. కానీ ఊరికే కూర్చున్నా కారిపోతుంది. వాడే ముందురోజు చార్జ్ చేయాలి. పద్నాలుగో పేజీలో కింద రాశాను."

ఆమె పుస్తకాన్ని ముక్కుకి ఆనించుకుని చూసింది.

"ఏదీ? ఈ చీమల బారా?"

"అది ఫుట్‌నోట్ అండీ."

"అంత ముఖ్యమైన ముక్క ఇక్కడ నక్కి ఉందా! మీరు పెళ్లిపీటల మీద కూడా ఫుట్‌నోట్ పెట్టే రకంలా ఉన్నారే!"

ఎడాపెడా వాయించాక వెళ్లిపోదామని ఆమె గుమ్మం దాకా వెళ్లింది. సరిగ్గా అప్పుడే బయట వాన దంచడం మొదలెట్టింది. అంత కోపంగా బయలుదేరిన మనిషి గుమ్మంలోంచి వెనక్కి వచ్చి, చేసేదేమీ లేక, అతని బల్ల ముందు కుర్చీలోనే కూర్చోవలసి వచ్చింది. వాన నలభై ఒక్క నిమిషాలు కురిసింది. కొలిచింది ఎవరో చెప్పనక్కర్లేదు.

వాన వెలిసేసరికి అతను ఆమెకి ఒకటో వెర్షన్ సెల్లులు ఎనిమిది ఏరి, ఒక్కోదాని మీద మార్కరుతో నంబరు వేసి ఇచ్చాడు. "ఇవి మాట నిలబెట్టుకుంటాయి" అన్నాడు.

"చూద్దాం" అంది ఆమె. వెళ్తూ వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపు ఎన్ని సెకన్లో మీటరు లెక్కపెట్టలేకపోయాడు. అతని జీవితంలో అది మొదటిసారి.

ఆ తర్వాత వారానికోసారి ఆమె సెల్లులు పరీక్షించుకోవడానికి వచ్చేది. నిజానికి వాటికి అన్నిసార్లు పరీక్ష అక్కర్లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు. ల్యాబులో వాళ్లు ఆమెకి మైకమ్మ అని పేరు పెట్టేశారు. హాల్లో రిహార్సల్ ఉన్న మధ్యాహ్నాల్లో అతను వెళ్లి వెనక సౌండ్ క్యాబిన్‌లో ఆమె పక్కన కూర్చునేవాడు. ఎనిమిదిట్లోనూ ఆమెకి ఏడో నంబరు సెల్లంటే ఇష్టం. ఎన్ని సభలు నడిపినా మధ్యలో ఆగిన పాపాన పోలేదట.

ఒకరోజు వానలో బస్టాపు రేకు కింద నిలబడి ఆమె అడిగింది.

"మీటరూ, నేనంటే నీకు ఎంత ఇష్టం?"

"ఒక్క పరీక్షకి చెప్పలేం. కనీసం అయిదుసార్లు కొలిచి సగటు తీయాలి."

"ఒరి దేవుడా! 'చాలా' అనవయ్యా, చాలు!"

"చాలా అంటే ఎంత?"

ఆమె గొడుగు మూసి ఆ గొడుగుతోనే అతని వీపు మీద ఒకటిచ్చింది. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. అంత సంతోషం అతను అంతకుముందు ఎరగడు.

ఆమె నాన్న గోడ గడియారాలు బాగుచేస్తాడు. ముందుగదే ఆయన దుకాణం. నాలుగు గోడల మీదా గడియారాలే. గంట కొట్టే వేళకి ఎవరైనా మాట్లాడుతుంటే, ఆ మాట గంటలన్నీ అయ్యేదాకా నోట్లోనే ఆగిపోవాలి. బల్ల చివర ఇటుకంత పాత చార్జరు ఒకటి ఉంది. దానికి ఒక్క ఎర్ర బల్బు తప్ప ఏమీ లేదు. మొదటిసారి చూసినప్పుడే మీటరు ముఖం చిట్లించాడు.

"అంకుల్, ఇది పారేయండి. దీనికి బుర్ర లేదు. సెల్లు మంచిదో చెడ్డదో చూడదు, ఎంత ఎక్కిందో చెప్పదు. పెట్టింది పెట్టినట్టు ఎక్కిస్తూ పోతుంది."

"పని చేస్తోందిగా బాబూ" అన్నాడాయన, కంటికి తగిలించుకున్న భూతద్దం తీయకుండానే.

ఏడాది తిరిగాక ఒక ఆదివారం పొద్దున ఆయన అతన్ని పిలిపించాడు. భూతద్దం తీసి బల్ల మీద పెట్టి సూటిగా అడిగాడు.

"మా అమ్మాయి నిన్ను చేసుకుంటానంటోంది. ఒక నాటకాల కంపెనీ వాళ్లు సౌండ్ పనికి ఏడాది పాటు తమతో ఊళ్లు తిరగమంటున్నారు. నీ మాట విన్నాక వాళ్లకి కుదరదని చెప్పేస్తుందట. ఏమంటావు బాబూ?"

ఆమె లోపలి గది తలుపు దగ్గర నిలబడి ఉంది. ఉంగరం వేలికి చున్నీ అంచు చుట్టి విప్పుతోంది. ముఖంలో నవ్వు ఆపుకున్నా ఆగడం లేదు.

ఔనంటే సరిపోయేది. ఒక్క మాట. గాడిద అయినా అనేది. కానీ మీటరుకి ఆ క్షణాన అక్క గుర్తొచ్చింది. అక్క పెళ్లిలో బావ ఆమె మీదనుంచి చూపు తిప్పలేదు. ఆ చూపుకి వంద శాతం మార్కులు వేసింది ఈ తమ్ముడే. సరిగ్గా ఎనిమిది నెలలకి అక్క ఒక పెట్టెతో తిరిగి వచ్చింది. అప్పటినుంచీ కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీస్తూ అతనితోనే ఉంటోంది. మొదటిరోజు నిండుగా కనబడేది ఎనిమిది నెలలకి ఉంటుందో ఉండదో ఎవరు చెప్పగలరు? అతనికి చచ్చేంత భయం వేసింది.

"ఏడాది చూద్దాం అంకుల్" అన్నాడు. "తను ఆ పనికి వెళ్లనీండి. ఏడాది ముట్టకుండా ఉంచితే, ఎంత మిగిలిందో అప్పుడు తెలుస్తుంది. దాన్నిబట్టి..."

గంటలు కొట్టడం మొదలైంది. పదకొండు. గోడల మీద ముప్పై గడియారాలూ కొట్టి ఆపేదాకా ముగ్గురూ నిలబడిపోయారు. ఆపేసరికి ఆమె ముఖంలో నవ్వు లేదు.

మర్నాడు ల్యాబుకి వచ్చింది. కూర్చోలేదు. ఏడో నంబరు సెల్లు అతని చేతిలో పెట్టింది.

"ఫుల్లుగా చార్జ్ చేశాను. నీ అలమరలో దీన్నీ పెట్టు."

గోడ పక్కన గాజు తలుపుల అలమర ఉంది. అందులో మూడు వెర్షన్ల సెల్లులూ, ఒక్కోటి పన్నెండేసి, ఏడాది పరీక్షకి ఆవేళే పెట్టబోతున్నాడు. తలుపు మీద అతని దస్తూరీలోనే 'ముట్టరాదు' అని చీటీ ఉంది.

"ఏడాది" అంది ఆమె. "ఫోన్లు లేవు, కలవడాలు లేవు, కొలవడాలు లేవు. ఏడాది నిండినరోజు ఎంత మిగిలిందో నువ్వే వచ్చి చెప్పు. నాకు వద్దనిపిస్తే నేనూ అప్పుడే చెబుతాను. ఇది నువ్వు పెట్టిన పరీక్షే. నేనేం కాదనడం లేదు."

"కోపమా?"

"కొలిచి చెప్పు" అని వెళ్లిపోయింది. ఆరోజు వెనక్కి తిరిగి చూడలేదు.

రెండో రోజుకే మీటరు కాలుగాలిన పిల్లి అయిపోయాడు. మూడోరోజు అలమర తలుపు తీశాడు. ఆమె సెల్లు ఒక్కటి మాత్రమే బయటికి తీసి, లోడు టెస్టర్‌లో పెట్టాడు. సెల్లు నుంచి అయిదు సెకన్లు గట్టిగా కరెంటు లాగి, ఎంత బలంగా ఉందో చెప్పే పెట్టె అది. అంకె నిండుగా వచ్చింది. ప్రాణం లేచి వచ్చినట్టయింది. సెల్లు తీసి తిరిగి దాని చోట పెట్టేశాడు. అయిదు సెకన్లే కదా అనుకున్నాడు.

సాయంత్రం మళ్లీ పెట్టాడు.

అదొక వ్యసనంలా పట్టుకుంది. పొద్దున రాగానే ఒకసారి, టీకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, ఇంటికి వెళ్లేముందు ఒకసారి. మనసు బాగాలేనిరోజు పది పన్నెండుసార్లు. మిగతా ముప్పై ఆరు సెల్లుల జోలికి పోలేదు. వాటి మీద నియమం అక్షరాలా పాటించాడు.

ఫోను సంగతీ అంతే. ల్యాబు నంబరు నుంచి ఆమెకి చేసేవాడు. ఆమె "హలో" అనేది. అతను ఊపిరి బిగబట్టి వినేవాడు. గొంతు బాగుందా, జలుబు చేసిందా, నవ్వుతోందా అని చూసుకుని పెట్టేసేవాడు. తను మాట్లాడలేదు కాబట్టి ఒప్పందం చెడలేదని తనకి తనే సర్దిచెప్పుకునేవాడు.

అయిదో నెలకి టెస్టర్‌లో అంకె తగ్గడం మొదలైంది. ఏడో నెలకి సగానికి వచ్చింది. మీటరుకి అన్నం సహించడం మానేసింది.

"ఏమైందిరా?" అంది అక్క, పళ్లెం అతని ముందుకి జరుపుతూ.

"తగ్గిపోతోందక్కా."

"ఏం తగ్గిపోతోంది?"

"అంతా."

"ఒరేయ్, ఆ పిల్లకి ఫోను చేసి మాట్లాడు. ఒక్కసారి మాట్లాడు చాలు."

"ఏడాది అన్నాంగా. నీకు తెలీదక్కా. మొదట్లో అందరిదీ నిండుగానే ఉంటుంది. నీ విషయంలో..."

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. నెమ్మదిగా అంది. "నా పెళ్లి నాకే పాడైంది. అదో పెద్ద పరీక్ష అయినట్టు దాని ఫలితం తీసుకెళ్లి నీ పెళ్లికి రాసుకోకు. ఆ పిల్ల ఏం చేసిందని?"

మీటరు ఆ మాట చెవిన పెట్టలేదు. పెట్టే స్థితిలో లేడు.

పదో నెలలో ఒక సోమవారం టెస్టర్ అంకె చూపించడం మానేసి అడ్డగీత చూపించింది. ఖాళీ. ఏడాది నిలవాల్సిన సెల్లు, మాట నిలబెట్టుకుంటుందని తనే ఏరి ఇచ్చిన సెల్లు, పదినెలలకే ఖాళీ. ఫోను దగ్గరికి పరిగెత్తి ఆమె నంబరు నొక్కాడు. ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదని రికార్డు చేసిన గొంతు ఒకటి ఎంతో మర్యాదగా చెప్పింది.

ఆరోజు నుంచి మీటరు మనిషి కాడు. వచ్చేవాడు, కూర్చునేవాడు, వెళ్లేవాడు. టీ ఎంత వేడిగా ఉందో చెప్పడం మానేశాడు. మిక్సీలావిడ వేళాకోళానికి లిఫ్టు ఎన్ని సెకన్లకి వచ్చిందని అడిగితే, "ఎన్నయితే ఏమిటండీ" అన్నాడు. ఆవిడ భయపడి ఇంటికి ఫోను చేసి వాళ్లక్కకి చెప్పింది. వాన కురిసిన ప్రతిసారీ అతను కిటికీకి వీపు పెట్టి కూర్చునేవాడు. అయిపోయింది, నాకు ముందే తెలుసు, అని మనసులో వెయ్యిసార్లు అనుకున్నాడు. ముందే తెలిసినందుకు నొప్పి రవ్వంత కూడా తగ్గలేదు. వెళ్లి చెప్పడానికి ఏముంది? ఖాళీ అని చెప్పడానికి ఆ ఇంటి గుమ్మం ఎక్కాలా? ఎక్కకూడదనే నిర్ణయించుకున్నాడు.

ఏడాది నిండింది. ప్రేమ సంగతి ఎలా ఉన్నా పుస్తకానికి రిపోర్టు రాయాలి. పొద్దున్నే ముప్పై ఆరు సెల్లులూ తీసి యంత్రానికి ఎక్కించాడు. మధ్యాహ్నం నాలుగింటికి కాగితం బయటికి వచ్చింది.

మూడో వెర్షన్, సున్నా శాతం. రెండోది, డెబ్బై. అతను ఊహించినట్టే ఉన్నాయి. ఒకటో వెర్షన్ వరస చూసి ఆగిపోయాడు. ఎనభై నాలుగు. ఎనభై అయిదు. ఎనభై అయిదు. ఎనభై మూడు. పన్నెండుకి పన్నెండూ మాట నిలబెట్టుకున్నాయి.

అదే వెర్షన్. అదే అలమర. అదే ఏడాది. మరి ఏడో నంబరు ఒక్కటే ఎందుకు ఖాళీ అయింది?

అతని చూపు లోడు టెస్టర్ మీద పడింది. కాగితం లాక్కుని లెక్క వేశాడు. ఒక్కసారికి అయిదు సెకన్లు. సగటున రోజుకి ఏడుసార్లు. పదినెలలు. పదివేల పైచిలుకు సెకన్లు. దాదాపు మూడు గంటలు. అంతసేపు ఆపకుండా పిండితే ఏ పెన్సిల్ సెల్లయినా ఖాళీ అవుతుంది.

లెక్క సరిపోయింది. లెక్క సరిపోయినందుకు మీటరు బల్ల మీద తల పెట్టి ఏడ్చాడు. అది దానంతటది కారిపోలేదు. ఉందా ఉందా అని చూస్తూ ఇతనే తాగేశాడు. తలుపు మీద 'ముట్టరాదు' అని రాసిన చేత్తోనే.

ఇస్త్రీ పెట్టెలాయన వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఏమయ్యా, ఆ ఖాళీ సెల్లు ఇలా ఇవ్వు, పాతవాటి డ్రమ్ములో వేసేస్తాను" అన్నాడు. మీటరు ఆ సెల్లు గుప్పిట్లో పట్టుకుని లేచి, బ్యాగు తగిలించుకుని, గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి దిగాడు.

తలుపు ఆమె నాన్న తీశాడు. తడిసి నీళ్లు కారుతున్న అతన్ని ఎగాదిగా చూశాడు.

"తేదీ గుర్తుందన్నమాట" అన్నాడు. "లోపలుంది. వారమైంది వచ్చి."

ఆమె నేల మీద కూర్చుని మైకు కేబుళ్లు చుట్టలు చుడుతోంది. చిక్కిపోయింది. తల ఎత్తి చూసింది గానీ చేతులు ఆపలేదు.

"ఎంత మిగిలింది?"

"ఏమీ మిగల్లేదు" అన్నాడు. ఆమె చేతులు అప్పుడు ఆగాయి. "నేనే తాగేశాను. రోజూ తీసి కొలిచాను. ముట్టనివన్నీ ఎనభై అయిదు దగ్గర ఉన్నాయి. నీదొక్కటే నా చేతుల్లో చచ్చిపోయింది. తప్పు సెల్లుది కాదు, నాది."

ఆమె కేబుల్ చుట్ట ఒళ్లో పెట్టుకుంది.

"అరవై మూడు" అంది.

"ఏమిటి?"

"నీ ఫోన్లు. నువ్వేనని తెలుసు. వెనకాల మిక్సీలావిడ మిక్సీ గర్రుమంటూ వినపడేది. ఏ హలోకా హలో, ఈసారైనా ఒక్క మాట అంటాడని చెవి నొప్పెట్టేదాకా విన్నాను. నువ్వు నా గొంతు తీసుకుని పెట్టేసేవాడివి. నాకేమీ ఇచ్చేవాడివి కాదు. అరవై నాలుగోసారి హలో అనే ఓపిక లేక నంబరు మార్చేశాను. మొన్న నాన్న అడిగారు, నీ దగ్గర ఎంత మిగిలిందమ్మా అని. ఏమీ లేదు నాన్నా అన్నాను."

అంతకంటే ఆమె అరిచి ఉంటే బాగుండేది. మీటరు గోడకి ఆనుకుని కూలబడ్డాడు. చేతులు ఊరుకోక, అలవాటు కొద్దీ బ్యాగులోంచి తన చార్జరు తీసి అందులో ఏడో నంబరు పెట్టాడు. చిన్న తెర వెలిగింది. సెల్లు చెడిపోయిందని గుర్తు చూపించి ఆరిపోయింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ అంతే.

"ఏమంటోంది?" అన్నాడు వాళ్ల నాన్న.

"ఇది మంచి చార్జరు అంకుల్. ముందు సెల్లుని పరీక్షిస్తుంది. మరీ ఖాళీగా ఉంటే చచ్చిందనుకుని ఎక్కించదు."

"సరిగ్గా నీకు తగినదే" అంది ఆమె.

ఆయన ఏమీ అనకుండా వచ్చి సెల్లు అందుకున్నాడు. బల్ల చివర ఉన్న ఇటుకలాంటి పాత చార్జరులో పెట్టి, స్విచ్చి వేశాడు. ఎర్ర బల్బు వెలిగింది.

"దీనికి బుర్ర లేదన్నావుగా. అందుకే అడగదు. ఎక్కిస్తుంది. పదహారు గంటలు పడుతుంది, అంతే" అని భూతద్దం తగిలించుకుని తన పని చూసుకున్నాడు.

వీళ్లిద్దరూ ఆ ఎర్ర బల్బు వైపే చూశారు. ముందు మీటరే మాట్లాడాడు.

"నాకు భయం వేసింది. అక్కకి అలా జరిగాక, నిండుగా ఉన్నది ఏది చూసినా భయమే. అందుకే నీకు పరీక్ష పెట్టాను. నిన్ను అనుమానించి కాదు."

"మీ అక్కకి జరిగినదానికి నేను ఏడాది జైలుకెళ్లానా?"

ఆమె కేబుల్ చుట్ట పక్కన పడేసి లేచింది.

"రేపు పదకొండింటికి హాలు ఖాళీగా ఉంటుంది. ఈ సెల్లు కాలరు మైకులో వేస్తాను. చెప్పదలుచుకున్నది అక్కడికి వచ్చి చెప్పు. నేను ఏమంటానో నాకే తెలీదు. ఆశలు పెట్టుకోకు."

"సరే."

"ఇంకోటి. ముందుగా సెల్లు కొలవకూడదు."

"కొలవను."

మర్నాడు హాల్లో నాలుగు వందల ఖాళీ కుర్చీలున్నాయి. ఆఖరి వరసలో అటు చివర ఆమె నాన్న, ఇటు చివర మీటరు వాళ్లక్క. రావద్దని మీటరు ఎంత చెప్పినా అక్క షాపుకి సెలవు పెట్టి మరీ వచ్చింది. ఆమె వేదిక మీద అతని చొక్కాకి మైకు తగిలించింది. అతని కళ్లలోకి మాత్రం చూడలేదు. వెళ్లి వెనక గాజు క్యాబిన్‌లో కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, వేలు ఎత్తింది.

"నాకు మాట్లాడటం రాదు" అన్నాడు మీటరు. గొంతు హాలంతా నిండింది. "ఏడాదంతా నువ్వు ఉన్నావో లేవో చూసుకున్నాను తప్ప, నేనున్నానని నీకు చెప్పలేదు. బస్టాపులో నువ్వు ఎంత అని అడిగినప్పుడు నాకు అంకె దొరకలేదు. ఇప్పుడూ దొరకలేదు. ఇక వెతకను. అక్క భయం అక్కది, నా భయం నాది, అందులో నీ తప్పు లేదు. నువ్వు కాదన్నా నేనిది చెప్పాల్సిందే. నువ్వంటే నాకు..."

టక్కుమని చిన్న చప్పుడైంది. మైకు చచ్చిపోయింది.

అన్ని నెలలు ఎండబెట్టిన సెల్లు అంతకంటే ఏం మోస్తుంది? మీటరు నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు. ఆరోజు హెడ్‌మిస్ట్రెస్‌గారు ఎలా నిలబడి ఉంటారో అతనికి ఇప్పుడు తెలిసింది. అయిపోయింది అనుకున్నాడు. ఈసారి నిజంగానే అయిపోయింది.

క్యాబిన్ తలుపు తెరుచుకుంది. ఆమె హెడ్‌ఫోన్ మెడలో వేలాడేసుకుని, కుర్చీల మధ్య దారిలో నడుచుకుంటూ వచ్చింది. వేదిక మెట్లెక్కింది. రెండడుగుల దూరంలో ఆగి, చాలా మామూలుగా అడిగింది.

"మైకు ఆగిపోయింది. ఎంతసేపు పనిచేసింది?"

"చూడలేదు" అన్నాడు.

"గడియారం చూడలేదా?"

"లేదు."

"నిజంగా?"

"నిన్నే చూస్తున్నాను."

ఆమె కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. పెదవి కొరుక్కుంది. ఏడాదిలో మొదటిసారి ఆమె ముఖంలో ఆపుకోలేని ఆ నవ్వు వచ్చింది. చొక్కాకున్న మైకు పీకి జేబులో వేసుకుంది.

"మిగతాది చెప్పు. ఉత్త గొంతుతోనే."

మీటరు చెప్పాడు. మొత్తం చెప్పాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని "నాకూ" అంది.

"ఒరేయ్, ఇక్కడికి వినపడలేదురా!" అని ఆఖరి వరస నుంచి అక్క అరిచింది.

"నాకూ వినపడలేదు బాబూ" అన్నాడు వాళ్ల నాన్న. "పెళ్లి విషయం, స్పష్టంగా ఉండాలి!"

మీటరు మళ్లీ చెప్పాడు, ఈసారి ఇంకా గట్టిగా.